గ్యాస్‌ నింపడం కాదు.. లీకు మూయాలి

ఎండలు ముదిరితే చాలు, పెడన, బందరు, గుడివాడ వీధుల్లో వినిపించే మాట ఒకటుంది.. ‘ఏసీలో గ్యాస్‌ అయిపోయింది, నింపించాలి’. నిరుడూ నింపించారు, ఈ ఏడూ నింపిస్తున్నారు. కానీ ఏసీ గ్యాస్‌ బండిలో పెట్రోలు లాంటిది కాదు, వాడితే తరిగిపోవడానికి. మూసిన గొట్టాల్లో తిరుగుతూ గదిలోని వేడిని బయటికి మోసుకుపోవడమే దాని పని. తగ్గిందంటే ఎక్కడో కారుతోందనే అర్థం. కారే చోటు వెతకకుండా నింపించడమంటే చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

స్ప్లిట్‌ ఏసీని కలిపి బిగించేది మన ఇంట్లోనే. మామూలుగా లోపలి యూనిట్‌కు రెండు, బయటి యూనిట్‌కు రెండు నట్లు ఉంటాయి. చాలా లీకులు అక్కడే మొదలవుతాయి. అద్దె ఇల్లు మారినప్పుడల్లా విప్పి బిగిస్తే ఆ అవకాశం ఇంకా ఎక్కువ. దీనికి మన సముద్రపు ఉప్పుగాలి తోడవుతుంది. రాగి గొట్టం, అల్యూమినియం రేకులు కలిసేచోట తుప్పు పట్టిస్తుంది. చల్లదనం తగ్గడం, సన్న గొట్టంపై మంచు పేరుకోవడం, నట్ల దగ్గర నూనె మరక కనిపించడం లీకుకు గుర్తులు. అయితే మొదట ఫిల్టర్‌ కడిగి చూడండి. దుమ్ము పట్టినా చల్లదనం తగ్గుతుంది, మంచు కడుతుంది.

ఈ గ్యాస్‌ విషమా అని చాలామంది అడుగుతుంటారు. ఐస్‌ ఫ్యాక్టరీల్లో, రొయ్యల శీతల గిడ్డంగుల్లో వాడే అమ్మోనియా కళ్లను, ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. ఇంటి ఏసీల్లో ఉండేది అది కాదు. ఆర్‌-32, ఆర్‌-410ఏ, పాతవాటిలో ఆర్‌-22 ఉంటాయి. ఉండేదీ సుమారు ఒక కిలో. అది వారాల తరబడి కొద్దికొద్దిగా కారితే ఇంట్లోవాళ్లకు విషమేమీ ఎక్కదు. కానీ కిటికీల్లేని చిన్న గదిలో ఒక్కసారిగా బయటపడితే ప్రమాదమే. గాలికన్నా బరువైంది కాబట్టి కింద పేరుకుని ఆక్సిజన్‌ను తరిమేస్తుంది. తల తిరుగుతుంది, గుండె లయ తప్పొచ్చు. దీనికి వాసన కూడా పెద్దగా ఉండదు.

నిదానమైన లీకుతో అసలు ముప్పు ఎండ నుంచి వస్తుంది. మన డెల్టాలో ఉక్కపోతకు పట్టిన చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. గుండె జబ్బుకో, బీపీకో మూత్రం ఎక్కువ చేసే మాత్రలు వాడే పెద్దలకు ఒంట్లో నీరు త్వరగా తగ్గుతుంది. ‘ఏసీ ఉందిగా’ అని కిటికీలు మూసి, చల్లబడని గదిలో తాతయ్యనో నాన్నమ్మనో పడుకోబెడితే వడదెబ్బను పిలిచినట్టే. బాగు చేయించేదాకా కిటికీలు తీయండి, ఫ్యాను వేయండి, తడిగుడ్డతో ఒళ్లు తుడవండి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే తడుపుతూ గాలి విసరండి, వెంటనే 108కి ఫోన్‌ చేయండి.

రెండో ముప్పు మరమ్మతు వేళ. ఆర్‌-32కు మంట అంటుకునే గుణం ఉంది. కొన్ని ఏసీల్లో వాడే ఆర్‌-290 అచ్చంగా ప్రొపేనే, వంటగ్యాస్‌ జాతిది. ఆర్‌-22, ఆర్‌-32 వంటివి మంటకు తగిలితే ఊపిరితిత్తులను దెబ్బతీసే ఆమ్ల వాయువులు పుడతాయి. గొట్టాల్లో గ్యాస్‌ ఉండగా వెల్డింగ్‌ చేయకూడదు. లీకు పరీక్షకు నైట్రోజనే వాడాలి. ఆక్సిజన్‌ ఎక్కిస్తే లోపలి నూనెతో కలిసి కంప్రెసర్‌ పేలిపోతుంది. ముందుగా ప్రాణం పోయేది పనివాడికే.

అందుకే మెకానిక్‌ను నాలుగు మాటలు అడగండి. యూనిట్‌ స్టిక్కర్‌పై ఉన్న గ్యాసే తెచ్చారా? నైట్రోజన్‌ పట్టి, సబ్బు నురగతో లీకు ఎక్కడుందో చూపిస్తారా? మూశాక వాక్యూమ్‌ పంపుతో లోపలి గాలి, తేమ తీస్తారా? కాటాపై తూచి నింపుతారా? ఇవన్నీ చేస్తే మొదట కొంత ఖర్చు ఎక్కువే. ఏటా నింపించే దండగ మాత్రం తప్పుతుంది. పని జరిగేటప్పుడు పిల్లల్ని గదిలో ఉంచొద్దు. తలుపులు తీసి, స్టవ్వు, అగరుబత్తి ఆర్పేయండి.

ద్రవరూపంలోని గ్యాస్‌ చేతిపై చిమ్మితే చర్మం గడ్డకడుతుంది. రుద్దొద్దు, వేడి కాపడం పెట్టొద్దు. గోరువెచ్చటి నీళ్లలో 15 నుంచి 30 నిమిషాలు ఉంచండి. కంట్లో పడితే పావుగంట మంచినీళ్లతో కడుగుతూ ఆసుపత్రికి రండి. గ్యాస్‌ పీల్చి కళ్లు తిరిగినవారిని ఆరుబయటకు చేర్చి కదలకుండా పడుకోబెట్టండి. ఏసీ గ్యాస్‌ పీల్చారని డాక్టరుకు తప్పక చెప్పండి. అలాంటప్పుడు అడ్రినలిన్‌ వంటి మందులు గుండె లయను మరింత చెడగొట్టొచ్చు.

కారిన గ్యాస్‌ ఊరికే పోదు. కిలో ఆర్‌-32 వందేళ్ల లెక్కన 675 కిలోల కార్బన్‌ డయాక్సైడ్‌ అంత వేడిని భూమికి అంటగడుతుంది. ఆర్‌-22 ఓజోన్‌ పొరనూ కొరుకుతుంది. మన గది చల్లదనం కోసం వదిలిన గ్యాసే రేపటి ఎండను పెంచుతుంది. ఏసీ లేని ఇళ్లూ ఆ ఎండను భరించాల్సిందే. అందుకని ఈసారి మెకానిక్‌ వచ్చినప్పుడు ‘ఎంతకు నింపుతావు’ అనే ముందు ‘ఎక్కడ కారుతోంది’ అని అడుగుదాం.