విమానానికి ఉన్న దర్యాప్తు దవాఖానాకు ఏదీ?

శంషాబాద్‌లో 2008 మార్చి నుంచి విమానాలు ఎగురుతున్నాయి. అక్కడ రెక్కకు పక్షి తగిలినా, దిగేటప్పుడు టైరు పేలినా ఆ సంగతి పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకు తెలియజేసి తీరాలి. పెద్ద ప్రమాదమైతే విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏఏఐబీ దిగుతుంది. 2012లో ఏర్పాటైన ఆ సంస్థ పని ఒక్కటే: ఎందుకు జరిగిందో తేల్చి, మళ్లీ జరగకుండా చూడటం. 2020 ఆగస్టు 7న కోజికోడ్‌లో ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటి లోయలో పడి 21 మంది చనిపోయారు. మరుసటి ఏడాది సెప్టెంబరులో 43 సిఫార్సులతో నివేదిక వెలువడింది. దాన్ని ఎవరైనా చదువుకోవచ్చు.

అదే రంగారెడ్డి జిల్లాలో ఇబ్రహీంపట్నం ఉంది. 2022 ఆగస్టు 25న అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో శిబిరం పెట్టి 34 మంది మహిళలకు ల్యాప్రోస్కోపీ పద్ధతిలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. రోజుల వ్యవధిలోనే నలుగురు కన్నుమూశారు. మిగిలిన వారిని హుటాహుటిన నిమ్స్‌కు, అపోలోకు తరలించారు. వీళ్లెవరూ జబ్బుపడి ఆసుపత్రికి వచ్చినవారు కారు. ఆరోగ్యంగా నడిచొచ్చిన, చిన్న పిల్లలున్న తల్లులు. ఆ ఇళ్లలో జరిగిన నష్టానికి పరిహారం పేరుతో ఇచ్చిన 5 లక్షల రూపాయలు ఏ మూలకూ చాలవు.

ఇలాంటి ఆపరేషన్లకు నియమాలు లేక కాదు. ఒక మహిళకు వాడిన ల్యాప్రోస్కోప్‌ను మరొకరికి వాడే ముందు గ్లుటరాల్డిహైడ్ ద్రావణంలో 20 నిమిషాలు నానబెట్టాలి. అందుకే ఒక్కో పరికరంతో రోజుకు పది ఆపరేషన్లకు, మూడు పరికరాలున్న బృందమైతే ముప్పైకి మించకూడదని కేంద్రం పరిమితి పెట్టింది. ఆ అంకె వెనకున్నది గడియారం లెక్క. వరుసలో మనుషులు పెరిగేకొద్దీ నానబెట్టే సమయం తరుగుతుంది. ఇబ్రహీంపట్నం విచారణలోనూ ఇన్ఫెక్షనే కారణమని తేలింది.

దేశం ఈ పాఠం అంతకుముందే ఒకసారి చదివింది. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పుర్ దగ్గర కుటుంబ నియంత్రణ శిబిరాల్లో ఆపరేషన్లు చేయించుకున్న 13 మంది చనిపోయారు; వాటిలో ఒక్క శిబిరంలోనే 83 మందికి ఆపరేషన్లు చేశారు. 2016 సెప్టెంబరులో దేవికా బిశ్వాస్ కేసులో తీర్పునిస్తూ సుప్రీంకోర్టు, మూడేళ్లలో ఇలాంటి శిబిరాలకు స్వస్తి పలకాలని నిర్దేశించింది. ఆ లెక్కన గడువు 2019లోనే తీరింది. ఇబ్రహీంపట్నం శిబిరం జరిగింది 2022లో!

నాణ్యతను చూసే యంత్రాంగమూ మన దగ్గర ఉంది. 2013లో వచ్చిన జాతీయ నాణ్యతా ప్రమాణాలు రోగి హక్కుల నుంచి ఇన్ఫెక్షన్ నియంత్రణ దాకా ఎనిమిది విభాగాల్లో ఆసుపత్రిని తూకం వేస్తాయి. 70 శాతం మార్కులు వస్తే మూడేళ్లకు సర్టిఫికెట్ ఇస్తారు, దానితోపాటు నిధులూ ఇస్తారు. శుభ్రతకు 2015 నుంచి కాయకల్ప అవార్డులున్నాయి. ప్రైవేటు ఆసుపత్రులకు ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు ఉంది. ఇవి మంచి పనులే. వీటి వల్ల ఎన్నో పీహెచ్‌సీల్లో మరుగుదొడ్లు, రికార్డులు, ప్రసూతి గదులు బాగుపడ్డాయి. అయితే తనిఖీకి వచ్చేవారికి ముందే సర్దిపెట్టిన ఆసుపత్రి కనిపిస్తుంది. కిక్కిరిసిన రోజున ఆపరేషన్ థియేటర్లో ఏం జరుగుతోందో కనబడదు.

జరిగినదాన్ని తవ్విచూస్తే ఫలితముంటుందా? ఉంటుందని తెలంగాణే చూపించింది. ప్రతి మాతృమరణాన్నీ నమోదుచేసి సమీక్షించే విధానం దేశమంతటా ఉంది. రాష్ట్రంలో 2014-16లో లక్ష సజీవ జననాలకు 81గా ఉన్న మాతృమరణాలు 2018-20 నాటికి 43కు తగ్గాయి. ఆసుపత్రి ప్రసవాలు పెరగడం, గర్భిణులను ఆసుపత్రికి చేర్చే అమ్మఒడి వాహనాలు, ప్రసవమైన తల్లులకిచ్చిన కేసీఆర్ కిట్ కూడా ఇందుకు తోడ్పడ్డాయి. కానీ ఏ తల్లి ఎక్కడ, ఏ ఆలస్యం వల్ల చనిపోయిందో అడగకుండా ఏ వాహనం ఎక్కడ కావాలో తెలిసేది కాదు.

ఇబ్రహీంపట్నం ఘటనపై ప్రజారోగ్య సంచాలకుడి ఆధ్వర్యంలోని కమిటీ విచారణ జరిపింది. సస్పెన్షన్లు, బదిలీలతో కలిపి 13 మందిపై చర్యలు తీసుకున్నారు. శిక్షలు వద్దని ఎవరూ అనరు. చిక్కేమిటంటే, ఆపరేషన్లు చేయించిన శాఖే విచారణ కూడా చేసింది. నోరు విప్పితే ఉద్యోగం పోతుందన్న భయమున్న చోట థియేటర్ నర్సు జరిగింది జరిగినట్టు చెప్పదు. ఆసుపత్రి మరణాలపై విచారణ నివేదికను యథాతథంగా ప్రచురించి తీరాలనే చట్టమూ మనకు లేదు.

ఇంగ్లండ్ ఈ ముడిని విప్పడానికి 2017లో ఆరోగ్య సేవల దర్యాప్తు సంస్థను పెట్టింది. దాని తొలి అధిపతి కీత్ కాన్రాడీ అంతకుముందు బ్రిటన్ విమాన ప్రమాదాల దర్యాప్తు విభాగాన్ని నడిపినవాడు. 2023 అక్టోబరులో దానికి చట్టబద్ధమైన స్వతంత్రత వచ్చింది. సిబ్బంది అక్కడ చెప్పిన మాటలకు చట్టం రక్షణ ఇస్తుంది. క్రమశిక్షణ చర్యలు వేరే దారిలో సాగుతాయి.

తెలంగాణకు కావాల్సిందీ ఇదే. మన ఏఏఐబీ కూడా పౌర విమానయాన శాఖ కిందిదే, కాకపోతే డీజీసీఏ చేతిలో లేదు. ఆపాటి దూరమైనా ఆరోగ్యశాఖలో ఏర్పడాలి. ఆసుపత్రులు నడపని, బదిలీలు చేయని ఒక చిన్న సంస్థను రాష్ట్ర శాసనసభే చట్టంతో ఏర్పాటు చేయవచ్చు. అందులో ఒక సర్జన్, ఒక మైక్రోబయాలజిస్టు, థియేటర్ పని తెలిసిన ఒక నర్సు, బాధితుల తరఫున ఒకరు ఉండాలి. ఏడాదిలోగా నివేదిక తెలుగులో, పేర్లు తీసేసి, అందరికీ అందాలి. ఆ రోజు ఎన్ని ల్యాప్రోస్కోప్‌లు పనిచేస్తున్నాయి, ఒక్కోదాన్ని ఎన్ని నిమిషాలు నానబెట్టారు, ముప్పై దాటాక ఆపమని చెప్పే అధికారం ఎవరికి ఉంది, వారు ఎందుకు ఆపలేకపోయారు అన్నవి అందులో ఉండాలి.