పెడలు చెప్పే నిజం

పుదుచ్చేరి పట్టణం సముద్రపుటొడ్డున చదునైన నేలపై ఉన్నది. అటువంటి చోట ఖాళీగా, మెల్లగా తిరిగే పాత సైనిక లారీలో బ్రేకుల బలహీనత చాలాకాలం బయటపడదు. బరువుతో పల్లానికి దిగేనాడు బయటపడితే మాత్రం సరిదిద్దుకొనే వ్యవధి ఉండదు. కనుక బండి నిలిచి ఉన్నప్పుడే పరీక్షించాలి.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలో 5 లక్షలకు పైగా తయారైన రెండున్నర టన్నుల జి.ఎం.సి. లారీనే తీసుకుందాం. ఇంజను గాలి పీల్చేటప్పుడు ఏర్పడే శూన్యాన్ని డ్రైవరు పాదబలానికి తోడుచేసే 'హైడ్రోవాక్' పరికరం అందులో ఉంటుంది.

చక్రాలకు అడ్డు పెట్టి, ఇంజను ఆపి, పెడలును పలుమార్లు తొక్కితే నిలవ ఉన్న శూన్యం ఖర్చవుతుంది. పెడలును అలాగే నొక్కిపట్టి ఇంజను నడపాలి. అది కాస్త కిందికి దిగితే పరికరం పనిచేస్తున్నట్లే. కదలకపోతే శూన్యపు గొట్టాన్నో, వాల్వునో, లోపలి పొరనో అనుమానించాలి. పెడలు మెత్తగా ఉంటే నూనెలో గాలి చేరి ఉండవచ్చు. నొక్కి ఉంచగా మెల్లగా దిగిపోతే గొట్టాల్లోనో, మాస్టర్ సిలిండర్ లోపలో నూనె జారుతున్నది. బయట తడి లేకుండానే నూనె తగ్గి, పొగ తెల్లబడితే, ఆ నూనెను ఇంజనే పీల్చుకొంటూ ఉండవచ్చు.

తీరప్రాంతంలో మరొక చిక్కు ఉన్నది. ఉప్పుగాలి ఇనుప గొట్టాలను పైనుంచి తినివేస్తుంది. సాధారణంగా వాడే బ్రేకు నూనె తేమను పీల్చుకొని లోపలినుంచి తుప్పు పట్టిస్తుంది. తేమ చేరిన నూనె వేడెక్కినప్పుడు త్వరగా మరిగి ఆవిరవుతుంది. అప్పుడు పెడలు ఎంత తొక్కినా బండి ఆగదు. పాత బండికి కొత్త రంగు వేయించే ముందు కొత్త నూనె పోయించడం మేలు.