సాంచా ఆగినా ఆగని మోత

సిరిసిల్ల బీవై నగర్ గల్లీల్లో ఇల్లు కనబడక ముందే సాంచా, అంటే మరమగ్గం, వినబడుతుంది. లోపల నాడె ఈ అంచు నుంచి ఆ అంచుకు నిమిషానికి వందసార్లకు పైగా పరుగెత్తుతుంది, వెళ్లిన ప్రతిసారీ దెబ్బ తిని మళ్లీ బయలుదేరుతుంది. ఆ హోరులో మాటకు చోటుండదు. పోగు తెగిందని వేలితో, కండె అయిపోయిందని కనుసైగతో చెప్పుకోవాల్సిందే. పన్నెండు గంటల పని ముగించుకుని కార్మికుడు ఇల్లు చేరతాడు. ఊరు సద్దుమణుగుతుంది. పక్క మీద వాలగానే అతని చెవుల్లో సన్నగా గుయ్యిమంటూ మోత మొదలవుతుంది.

మందమర్రి, బెల్లంపల్లి, గోదావరిఖనిలో బొగ్గుబాయి దిగి డ్రిల్లు పట్టినవారికీ ఈ మోత కొత్త కాదు. ఇది భ్రమ కాదు, పిచ్చి అంతకన్నా కాదు. లోపలి చెవిలో నత్తగుల్లలాంటి గదిలో వేలాది రోమకణాలుంటాయి. శబ్దం తగిలితే గాలికి వరిచేను ఊగినట్టు ఊగి, ఆ కబురును మెదడుకు పంపుతాయి. హోరుగాలి రోజూ వీస్తే చేను పడిపోతుంది. చేనైతే మళ్లీ వేసుకోవచ్చు, రోమకణాలు మాత్రం ఒకసారి పోతే మళ్లీ మొలవవు. రావలసిన కబురు రాకపోయేసరికి మెదడు మరింత చెవి రిక్కిస్తుంది. అప్పుడు తనలోని అలికిడే దానికి మోతగా వినిపిస్తుంది.

రోజుకు ఎనిమిది గంటలకు 85 డెసిబెల్స్ హద్దు అని నిపుణులు చెబుతారు. మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా చెవి ఓర్చుకునే సమయం సగానికి పడిపోతుంది. ఆ లెక్కన 94 డెసిబెల్స్ దగ్గర మిగిలేది గంటే. మరమగ్గాల షెడ్లలో శబ్దం 90 దాటడం మామూలే.

అన్ని మోతలకూ శబ్దమే కారణం కాదు. గులిమి గట్టిపడినా, చెవిలో చీము పట్టినా, వయసు మీద పడినా, బీపీ పెరిగినా, రక్తం తగ్గినా చెవులు మోగవచ్చు. మలేరియాకు క్వినైన్, క్షయకు స్ట్రెప్టోమైసిన్ వంటి మందులు వాడినవారిలోనూ ఇది కనిపిస్తుంది. ఆదిలాబాద్ అడవి పల్లెల్లో జ్వరాలకు మందులు రాసే వైద్యులు ఈ సంగతి ముందే చెబితే రోగికి సగం భయం పోతుంది. చెవిలో నూనె పోయడం, పిన్నుతో కెలకడం మేలు చేయవు. ఒక్క చెవిలోనే మోగినా, గుండె చప్పుడుతో పాటు కొట్టుకున్నట్టున్నా, తల తిరిగినా డాక్టరుకు చూపించాలి. ఉన్నట్టుండి వినికిడి పోతే ఆ రోజే వెళ్లాలి, ఆలస్యమైతే వైద్యం ఫలించే అవకాశం తగ్గిపోతుంది.

మోతను పూర్తిగా మాన్పే మాత్ర ఇంకా రాలేదు. అయినా తోడు దొరకదని కాదు. వినికిడి తగ్గినవారికి యంత్రం పెడితే చాలాసార్లు మోత వెనక్కి తగ్గుతుంది. రాత్రిపూట ఫ్యాను చప్పుడు దాన్ని కొంత కప్పుతుంది. మోతతో సర్దుకుని నిద్రపోవడం నేర్పే కౌన్సెలింగ్ కూడా ఉంది.

శబ్దం వల్ల వచ్చే చెవుడును కార్మిక భద్రతా చట్టం వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది. కానీ నలుగురైదుగురు పనిచేసే చిన్న షెడ్డు దాకా ఆ చట్టం రాదు. అక్కడ నూలిచ్చే యజమాని, సాంచాలు నడిపించే ఆసామి కలిసి కార్మికులకు ఇయర్‌ప్లగ్గులు ఇప్పించాలి, ఏడాదికోసారి వినికిడి పరీక్ష చేయించాలి. ఒక చీర ధర ముందు ఇయర్‌ప్లగ్గుల ఖర్చు ఏపాటిది?

అంతకన్నా ముందు ఇంట్లో జరగాల్సింది ఒకటుంది. షిఫ్టు దిగి వచ్చిన మనిషి చెవుల్లో ఏదో మోగుతోందంటే, ‘మాకేం వినబడుతలేదే’ అనకండి. ఆ మోత అతనొక్కడికే వినబడుతుంది. అందుకే అతను చెప్పేది మనం వినాలి.