పంపు మూలిగితే... ముందు ట్యాంకు చూడండి

బొగ్గుబాయిలో దిగిన కార్మికుడు పని మొదలుపెట్టే ముందు ఇనుప కడ్డీతో పైకప్పును తట్టి చూస్తాడు. ఖంగుమంటే గట్టిగా ఉన్నట్టు. బోలుగా మోగితే పొర విడిపోతున్నట్టు. ఆ తేడా తెలియడం ప్రాణాలతో సమానం. అందుకే సింగరేణి ప్రాంతంలో చప్పుడు విని జబ్బు చెప్పడం కొత్త విద్యేం కాదు. కానీ గోదావరిఖని, ఎన్టీపీసీ, రామగుండం రోడ్ల మీద తిరిగే పాత కార్ల దగ్గరికొచ్చేసరికి ఆ విద్య గుర్తుకురాదు. వెనక సీటు కింద నుంచి 'గుయ్‌...' మని మూలుగు మొదలైతే చాలామంది చేసే పని... పాటల వాల్యూం పెంచడం!

ఆ మూలుగు పెట్రోలు పంపుది కావచ్చు. పట్టించుకోకపోతే ఏదో ఒక రాత్రి రాజీవ్‌ రహదారి మీద, ముందూ వెనకా లారీల మధ్య, పెద్దవాళ్లను కరీంనగర్‌ ఆసుపత్రికి తీసుకెళ్తుండగా బండి ఆగిపోతుంది. అలాగని చప్పుడు వినగానే వేలు పోసి కొత్త పంపు కొనేయక్కర్లేదు. తప్పు చాలాసార్లు పంపుది కాదు, దానికి పెట్రోలు సరిగా అందకపోవడంలో ఉంటుంది.

ఏ కారుకు ఏ పంపు?

అంబాసిడర్‌, పద్మిని, పాత మారుతి 800 లాంటి కార్బ్యురేటర్‌ బండ్లలో పంపు ఇంజిన్‌ పక్కనే ఉంటుంది. ఇంజిన్‌ తిరుగుతుంటే ఓ మీట కదిలి, లోపలి పొరను పైకీ కిందికీ ఆడిస్తుంది. 2000 ప్రాంతంలో కాలుష్య నిబంధనలు మారి ఎంపీఎఫ్‌ఐ కార్లు వచ్చాయి. వాటిలో ఉండేది కరెంటు పంపు. దాన్ని పెట్రోలు ట్యాంకులోనే ముంచి ఉంచుతారు. మారుతి 800 తయారీ 2014లోనే ఆగిపోయినా, ఈ రెండు రకాలూ ఇంకా రోడ్ల మీద కనిపిస్తూనే ఉన్నాయి.

ముందు దొంగను పట్టాలి

ఎంపీఎఫ్‌ఐ కారైతే చుట్టుపక్కల నిశ్శబ్దంగా ఉన్నప్పుడు తాళం తిప్పి 'ఆన్‌'లో ఉంచండి. ఇంజిన్‌ స్టార్ట్‌ చేయొద్దు. వెనక నుంచి రెండు మూడు క్షణాలు సన్నగా రొద వచ్చి ఆగిపోతే అది పంపు మామూలు గొంతే. అదే రొద ఈమధ్య పెద్దదైనా, కీచుమన్నా, గరగరలాడినా అనుమానించాలి. బండి వేగంతోపాటు పెరిగి, న్యూట్రల్‌లో నిలబెడితే ఆగిపోయే చప్పుడైతే చక్రాల బేరింగు సంగతి చూడాలి. ఆక్సిలరేటర్‌ తొక్కిన కొద్దీ ముందువైపు నుంచి పెరిగితే ఆల్టర్నేటర్‌నో బెల్టునో చూడాలి.

ఖర్చులేని పరీక్షలు

మొదటిది ట్యాంకు నింపడం. రెండొందలకు కొట్టించడం, రిజర్వు లైటు వెలిగేదాకా నడపడం చాలా ఇళ్లలో అలవాటు. ట్యాంకులోని పంపుకు పెట్రోలే కందెన, పెట్రోలే చల్లదనం. బావిలో నీళ్లు అడుగంటితే మోటారు గాలి పీల్చి గొంతు మార్చడం రైతులకు తెలిసిందే. ఇక్కడా అంతే. పైగా రామగుండంలో ఎండాకాలం 45 డిగ్రీలు దాటడం మామూలు. వేడెక్కిన కొద్దిపాటి పెట్రోల్లో బుడగలు లేస్తాయి. పొద్దున లేని మూలుగు మధ్యాహ్నం వస్తోందంటే కారణం చాలావరకు ఇదే. సగానికి పైగా నింపాక రొద తగ్గిందా? మందు దొరికినట్టే. ఇకమీదట పావు ట్యాంకు కంటే తగ్గనివ్వొద్దు. కారును నీడలో నిలపండి.

రెండోది మూత. పెట్రోలు ఖాళీ అయ్యేకొద్దీ ఆ చోటులోకి గాలి వెళ్లాలి. బొగ్గు దుమ్ము, మట్టి పట్టి ఆ దారి మూసుకుపోతే పంపు గాలితోనే కుస్తీ పట్టాల్సి వస్తుంది. కాసేపు నడిపాక, ఆరుబయట ఇంజిన్‌ ఆపి మూత తీయండి. గాలి గట్టిగా లోపలికి లాగిన శబ్దం వచ్చి, మూత పెట్టి మళ్లీ నడిపినప్పుడు కాసేపు రొద తగ్గితే మూతనో, గాలి గొట్టాన్నో బాగుచేయించాలి.

మెకానిక్‌ను అడగాల్సినవి

ఈ రెండూ కాకపోతే ఫిల్టర్ల వంతు. పంపు మూతి దగ్గర ఓ జల్లెడ, దారిలో ఓ ఫిల్టర్‌ ఉంటాయి. జల్లెడకు చెత్త పడితే పంపు పీల్చలేక కేకలేస్తుంది. దారిలో ఫిల్టర్‌ మూసుకుపోతే ముందుకు నెట్టలేక వేడెక్కుతుంది. పెట్రోల్లో ఇథనాల్‌ కలపడం 2025లో 20 శాతానికి చేరింది. ఇథనాల్‌ తేమను పీల్చుకుంటుంది. ట్యాంకు అడుగున ఏళ్లుగా పేరుకున్న మడ్డినీ కదిలిస్తుంది. పాత కార్ల రబ్బరు గొట్టాలు దీన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. కాబట్టి ఫిల్టర్‌తోపాటు గొట్టాలూ చూపించాలి.

తర్వాత కరెంటు. పంపు నడుస్తుండగా దాని దగ్గర వోల్టేజి కొలిస్తే బ్యాటరీ దగ్గర ఉన్నంతా దాదాపుగా ఉండాలి. అర వోల్టు కంటే ఎక్కువ తగ్గిందంటే తుప్పు పట్టిన ఎర్త్‌ వైరో, వదులైన కనెక్షనో ఉన్నట్టు.

ఆఖరిది రబ్బర్లు. పంపును పట్టి ఉంచే మెత్తలు గట్టిపడినా, పెట్రోలు గొట్టం క్లిప్పు ఊడి బాడీకి తగిలినా చిన్న అదురు కారంతా మోగుతుంది. పంపు భేషుగ్గా ఉన్నా చెడిపోయినట్టే వినిపిస్తుంది. ఒక్క క్లిప్పుతో పోయే రోగమిది.

కార్బ్యురేటర్‌ బండిలో...

ఇందులో పంపు చప్పుడు టకటకమంటూ ఇంజిన్‌ వేగంతోపాటు పెరుగుతుంది. బోల్టులు వదులయ్యాయా, మీట అరిగిందా చూడాలి. టాపెట్ల చప్పుడూ ఇలాగే ఉంటుంది కాబట్టి మెకానిక్‌ పొడవాటి స్క్రూడ్రైవర్‌ను పంపుకు ఆనించి, పిడి దగ్గర చెవి పెట్టి తేల్చుకుంటాడు. ఇంజిన్‌ ఆయిల్‌ డిప్‌స్టిక్‌ తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన వచ్చినా, ఆయిల్‌ మట్టం పెరిగినా పంపులోని పొర చిరిగి ఉండొచ్చు. ఆ బండిని నడపొద్దు. మండు వేసవిలో పంపు మీద తడి గుడ్డ వేయడం డ్రైవర్లకు పాత చిట్కా. బండి కదలడానికి అది పనికొస్తుంది కానీ అరిగిన మీటను బాగుచేయదు.

ఇవి మాత్రం వద్దు

సీటు కింద స్పాంజి కుక్కడం, పంపుకు సైకిల్‌ ట్యూబు ముక్క చుట్టడం లాంటివి వద్దు. పెట్రోలు తగిలితే మామూలు రబ్బరు ఉబ్బి ముక్కలవుతుంది. ఆ ముక్కలు మళ్లీ జల్లెడలోకే చేరతాయి. ఇంట్లో ట్యాంకు విప్పే సాహసమూ వద్దు. గొట్టాల్లో ఒత్తిడి ఉంటుంది, ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. బ్యాటరీ తీగ తీసి, ఒత్తిడి తగ్గించి, గాలి ఆడే చోట చేయించాల్సిన పని అది. కారులో పెట్రోలు వాసన వస్తుంటే చప్పుడు సంగతి తర్వాత, ముందు బండి ఆపండి.

ఇన్ని చూసినా మూలుగు పోకపోతే, ఎత్తు ఎక్కేటప్పుడు బండి గుంజుతుంటే, అప్పుడు పంపు మార్చాల్సిందే. మార్చే ముందు గేజీ పెట్టి ఒత్తిడి ఎంతుందో చూపించమనండి. మార్చాక మరోసారి చూపించమనండి. ట్యాంకు అడుగు కడిగించకుండా మాత్రం కొత్త పంపు బిగించనీయొద్దు. పాత మడ్డిలో కూర్చోబెడితే కొత్తదీ కొన్నాళ్లకు అదే పాట అందుకుంటుంది.