గొంతు పెగలని క్షణం

1996 అక్టోబరు 13. జపానులోని సుజుకా మైదానంలో డేమన్ హిల్ ఫార్ములా వన్ ప్రపంచ విజేతగా ముగింపు రేఖను దాటాడు. బ్రిటన్‌లో తెల్లవారుజామునే లేచి టెలివిజన్ ముందు కూర్చున్న వారికి అప్పుడొక వింత అనుభవం ఎదురైంది. ఏనాడూ మాటకు తడుముకోని వ్యాఖ్యాత, గొంతు పూడుకుపోతున్నదని, ఇక ఆపక తప్పదని చెప్పి ఊరకుండిపోయారు.

ఆయన మర్రే వాకర్. వయస్సు అప్పటికి 73. డేమన్ తండ్రి గ్రహం హిల్ కూడా ప్రపంచ విజేతయే. 1975లో విమాన ప్రమాదంలో మరణించాడు. ఆ తండ్రి పరుగులను చూచిన కళ్లే ఈ కుమారుని విజయాన్నీ చూచినవి.

వాకర్ స్వయంగా ఒక పందెగాని బిడ్డ. తండ్రి గ్రహం వాకర్ 1931లో ఐల్ ఆఫ్ మాన్ మోటారు సైకిలు పందెంలో గెలిచి, తరువాత బి.బి.సి. వ్యాఖ్యాత అయినవాడు. 1923లో బర్మింగ్‌హామ్‌లో జన్మించిన మర్రే, రెండవ ప్రపంచయుద్ధంలో టాంకు దళంలో పనిచేశారు. తండ్రివలె మోటారు సైకిలెక్కి చూచారు గాని రాణించలేదు. 1948లో షెల్‌స్లీ వాల్ష్ కొండదారి పందెంలో మైకు చేత పట్టారు, 1949లో బి.బి.సి.లో ప్రవేశించారు. తండ్రీ కొడుకులు పక్కపక్కనే కూర్చుని వ్యాఖ్యానించిన రోజులూ ఉన్నవి.

అయినా అది కూడు పెట్టిన వృత్తి కాదు. 59 ఏళ్లు వచ్చేవరకు ఆయన వారమంతా వ్యాపార ప్రకటనల సంస్థలో ఉద్యోగి. పందేలు సెలవుదినాల వ్యాపకం. ఒక ప్రసిద్ధ చాక్లెట్టు నినాదం తానే వ్రాసినట్లు లోకం చెప్పుకొనగా, కాదని ఆయనే చెప్పవలసి వచ్చింది.

రేడియోలో పొరబడితే శ్రోతకు తెలియదు. టెలివిజన్‌లో ప్రేక్షకుని కళ్లెదుటే గుట్టు బయటపడుతుంది. వాకర్ నిలబడి, ఊగిపోతూ వ్యాఖ్యానించేవారు. ఈ కారుకిక ఎదురులేదని ఆయన అనుటయే తడవు, దాని ఇంజను పొగలు కక్కేది! ఆ తప్పులను జనం కథలుగా చెప్పుకున్నారు. తప్పు దొర్లిన మరుక్షణమే ఒప్పుకొనే మనిషిని ఎవరు మాత్రం ద్వేషించగలరు?

1980 నుండి ఆయనకు తోడు వచ్చినవాడు 1976 నాటి ప్రపంచ విజేత జేమ్స్ హంట్. ఒకరు ఉత్సాహి, మరొకరు నిర్మొగమాటి. ఇద్దరికీ ఒకే మైకు! ఒకసారి హంట్ దానిని లాగుకొనగా వాకర్ పిడికిలి బిగించారట. 1993లో హంట్ గుండెపోటుతో మరణించేవరకు ఆ జంట విడిపోలేదు.

మరుసటి సంవత్సరం, మే 1న, ఇటలీలోని ఇమోలాలో అయర్టన్ సెన్నా కారు గోడను ఢీకొన్నది. ముందురోజే అక్కడ రోలాండ్ రాట్జెన్‌బెర్గర్ మరణించాడు. సెన్నా మరణవార్త అధికారికంగా వెలువడినది పందెం ముగిసిన తరువాతనే. అంతవరకు మాట్లాడుతూనే ఉండాలి. తెలియనిదానిని చెప్పరాదు, ఏమీ జరగనట్లు నటించనూరాదు. ఊహాగానాలకు పేరుపడిన ఆ నోరు ఆనాడు ఆచితూచి పలికింది. తన జీవితంలో అంతకంటె కఠినమైన ప్రసారం లేదని అనంతరం ఆయన చెప్పారు.

1997లో ఆయన ఐ.టి.వి.కి మారారు. 2001లో ఇండియనాపోలిస్‌లో చివరి వ్యాఖ్యానం చేశారు. 1909లో ఆ మైదానానికి పరచిన ఇటుకలలో ఒకదానిని అక్కడివారు ఆయన చేతిలో పెట్టి సాగనంపారు. 2021 మార్చి 13న, 97వ ఏట, వాకర్ కన్నుమూశారు.