పుట్టినతేదీ రాసే ఉంది, చూసే నాథుడే లేడు

మన ఆఫీసుల్లో ఎవడు ఎప్పుడు పేపరేస్తాడో ఎవరికీ తెలీదు. శుక్రవారం దాకా నవ్వుతూ టీ తాగినవాడు సోమవారం రిజైన్ చేస్తాడు. అయినా మేనేజర్లు తంటాలుపడి అట్రిషన్ లెక్కలేస్తారు, నలుగురిని బెంచి మీద ఉంచుతారు, నోటీసు పీరియడ్‌లో కేటీ ఇప్పిస్తారు.

ఫైర్‌మన్ సంగతి అలా కాదు. ఉద్యోగంలో చేరగానే సర్వీసు రిజిస్టరులో పుట్టినతేదీ రాస్తారు. అతను ఏ నెలాఖరున ఇంటికెళ్తాడో దాన్నిబట్టి ఎవరైనా చెప్పొచ్చు. అయినా ఆ తేదీ వచ్చేసరికి సర్కారు "అరె, ఖాళీ వచ్చిందే!" అని ఆశ్చర్యపోతుంది. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

మా ఉద్దానం సంగతి చూడండి. వజ్రపుకొత్తూరు మండలానికి ఒక పక్క సముద్రం, మిగతాదంతా జీడి, కొబ్బరి తోటలు. పెద్ద మంట లేస్తే పలాస వైపో టెక్కలి వైపో చూడాలి. పలాస-కాశీబుగ్గ నిండా జీడి ఫ్యాక్టరీలే. జీడిపిక్క తొక్కలో నూనె ఉంటుంది, అంటుకుంటే ఓ పట్టాన ఆరదు. ఎండాకాలం పూరిళ్ళు, అక్టోబరొస్తే తుపాన్లు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తీరం దాటింది పలాస దగ్గరే. అలాంటి రోజున రోడ్డుకడ్డంగా పడ్డ చెట్టు కొయ్యాలన్నా, నీళ్ళలో చిక్కినవాణ్ణి లాగాలన్నా ఫైర్ వాళ్ళు కావాలి. బండి రావడం ఒకటే కాదు, అందులో ఎంతమంది దిగారన్నది ముఖ్యం. అమెరికా ఎన్ఎఫ్‌పీఏ 1710 ప్రమాణం బండికి కనీసం నలుగురుండాలంటుంది.

ఇప్పుడు చిన్న లెక్క. బండిలో ఒక్క సీటుని 24 గంటలూ నింపాలి. 8 గంటల షిఫ్టు అనుకుంటే ఏడాదికి 1095 షిఫ్టులు. ఒక మనిషికి వీక్లీ ఆఫ్‌లు 52, ఆర్జిత సెలవులు 30, క్యాజువల్ లీవులు 15 తీసేస్తే మిగిలేది 268 రోజులు. భాగించి చూడండి, సీటుకి నలుగురు కూడా సరిగ్గా సరిపోరు. అదీ ఎవరికీ జ్వరం రాకపోతే!

అసలు కథ రిటైర్మెంటు వయసుది. 2014 జూన్‌లో 58 నుంచి 60 చేశారు, 2022 జనవరి నుంచి 62. అంటే 2022, 2023 రెండేళ్ళూ వయసు నిండి ఇంటికెళ్ళేవాళ్ళు లేరు. మన భాషలో చెప్పాలంటే డెడ్‌లైను రెండేళ్ళు వెనక్కి జరిగింది. ఆ టైములో కొత్తవాళ్ళని తీసుకుని, ట్రెయినింగిచ్చి, 2024కి సిద్ధంగా ఉంచుకోవాలి కదా? ఏం చేశారు? 2018 నోటిఫికేషన్‌లో 400 ఫైర్‌మన్ పోస్టులున్నాయి. 2022 నవంబరులో 6,100 కానిస్టేబుల్ పోస్టులకి నోటిఫికేషనిచ్చారు, అందులో ఫైర్‌మన్ పోస్టు ఒక్కటంటే ఒక్కటి లేదు. డేటు జరిగిందని పని కూడా జరిపేసుకునే మన జబ్బే వీళ్ళకీ ఉందన్నమాట.

పైగా ఆ కానిస్టేబుల్ ఫలితాలు వచ్చింది 2025 ఆగస్టులో. రెండేళ్ళ ఎనిమిది నెలలు! ఆపైన ట్రెయినింగు. రెండు నోటిఫికేషన్లూ ఇచ్చింది ఒకే బోర్డు. లీడ్‌టైము మూడేళ్ళున్నచోట ఖాళీ వచ్చాక ఫైలు కదపడమంటే ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే.

ఇక గాయాలు. డ్యూటీలో దెబ్బతిన్నవాడికి ఫండమెంటల్ రూల్ 83 కింద స్పెషల్ డిజెబిలిటీ లీవు 24 నెలల వరకూ ఇవ్వొచ్చు. మంచి రూలే, ఉండాల్సిందే. కానీ అన్నాళ్ళూ ఆ పోస్టు కాగితం మీద భర్తీ అయ్యే ఉంటుంది. ఖాళీల లెక్కలో కనపడదు, బండిలో మాత్రం మనిషుండడు. ఎవరికి దెబ్బ తగులుతుందో ముందే చెప్పలేం, కొందరికి తగలడం మాత్రం ఖాయం. లీవ్ రిజర్వు అనే మాట పుట్టింది అందుకే. 61 ఏళ్ళ పెద్దాయన్ని నిచ్చెనెక్కిస్తే ఆ అవసరం పెరుగుతుందే గానీ తగ్గదు.

"హోంగార్డులున్నారు కదా" అంటారు. ఉంటే ఉండనివ్వండి, పర్మనెంటు పోస్టు ఎగ్గొట్టడానికి వాళ్ళని వాడుకోవడమేంటి? "మంటలు రోజూ వస్తాయా, ఊరికే కూర్చోబెట్టి జీతమివ్వాలా" అని మన ఐటీ మిత్రులే అడుగుతారు. బెంచి మీదున్న మూణ్ణెల్లూ మీకు జీతం రాలేదేంటి బాబూ?

అగ్నిమాపక సేవల విస్తరణ, ఆధునికీకరణకని కేంద్రం 2023లో 5,000 కోట్ల పథకం పెట్టింది. కొత్త బండ్లు రానివ్వండి, సంతోషమే. నడిపే డ్రైవర్ ఆపరేటర్ లేకపోతే అవి షెడ్డులో బొమ్మలే.

నేనడిగేది మూడే. రాబోయే ఐదేళ్ళలో ఏ స్టేషన్లో ఎంతమంది రిటైరవుతారో పట్టిక బయటపెట్టాలి. ఆ ఖాళీలకి మూడేళ్ళ ముందే నోటిఫికేషనివ్వాలి. లీవ్ రిజర్వు పోస్టులు పెట్టి నింపాలి. మొదటిదానికైతే డబ్బులు కూడా అక్కర్లేదు. జీతాల బిల్లులు సీఎఫ్ఎమ్ఎస్ మీదే నడుస్తున్నాయి. పుట్టినతేదీకి 62 కలిపి, స్టేషన్ల వారీగా లెక్కేస్తే చాలు. మన ట్రెయినీ కుర్రాడు లంచ్‌లోపు రాసిచ్చే క్వెరీ అది.

వాళ్ళు రాయకపోతే మనం అడగొచ్చు. సమాచార హక్కు దరఖాస్తుకి ఫీజు పది రూపాయలు. మీ ఊరికి దగ్గరి స్టేషన్లో మంజూరైన పోస్టులెన్ని, పనిచేస్తున్నవాళ్ళెందరు, లాంగ్ లీవులో ఎందరు, ఐదేళ్ళలో రిటైరయ్యేదెందరు అని నాలుగు ప్రశ్నలు పంపండి. నేను పలాస, టెక్కలి స్టేషన్లతో మొదలుపెడుతున్నాను.