ఆటకు రుసుము పెడితే ఆగిపోయేది ఎవరు?

మునిసిపాలిటీ నడిపే ఆటల పోటీలకూ మైదానాలకూ అయ్యే ఖర్చు ఆడేవాళ్ళే భరించాలనే వాదన ఈ మధ్య తరచు వింటున్నాను. మా ఉయ్యూరులోనూ ఈ మాట అనేవాళ్ళున్నారు. రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ స్టేడియాల్లోకి ఇదే పద్ధతి ‘పే అండ్ ప్లే’ పేరుతో వచ్చింది. ఆడనివాళ్ళ పన్నుతో ఆడేవాళ్ళ సరదా ఎందుకు తీర్చాలని వీరి ప్రశ్న. పైకి న్యాయంగానే కనిపిస్తుంది. కానీ ఆ రుసుము ఎవరి జేబులోంచి వస్తుందో, ఎవరి ఆట ఆపుతుందో వీరు ఆలోచించరు.

రుసుము కట్టేది ఆడపిల్ల కాదు, ఆమె ఇల్లు. అబ్బాయి క్రికెట్టుకు డబ్బు అడిగితే తిట్టుకుంటూనైనా ఇస్తారు. అమ్మాయి కబడ్డీకి అడిగితే ‘రేపో మాపో పెళ్ళి కావలసినదానివి, ఇప్పుడు ఆటలేమిటి?’ అంటారు. రుసుము ఇద్దరికీ ఒకటే, దాని బరువు మాత్రం ఒకటి కాదు. ఇక పెళ్ళయి, పిల్లలున్న స్త్రీ తాను ఆడుకోవడానికి డబ్బు అడిగితే ఆ ఇంట్లో ఏం వినవలసి వస్తుందో మనకు తెలియనిది కాదు.

ఇంకో నష్టం కూడా ఉంది. రుసుము మీద నడిచే మైదానంలో డబ్బు కట్టినవాడిదే సమయం. బడి నుంచి వచ్చాక, చీకటి పడకముందు దొరికే ఆ గంటా గంటన్నరే ఆడపిల్లలకు వీలైన వేళ. అందరూ కోరేదీ ఆ వేళనే. మగవాళ్ళ జట్లకు చందాలిచ్చే దుకాణదారులుంటారు. ఆడపిల్లల జట్టుకు ఎవరిస్తారు?

పేదలకు రాయితీ ఇస్తామంటారు. అంటే పదమూడేళ్ళ పిల్ల రేషన్ కార్డు పట్టుకుని గేటు దగ్గర తన పేదరికాన్ని రుజువు చేసుకోవాలన్నమాట. పైగా పేద కాని ఇళ్ళలోనూ ఆడపిల్ల ఆట చివరి ఖర్చే. దానికి ఏ కార్డు చూపించాలి?

ఉచితమైతే విలువ ఉండదనే వాదన మరొకటి. మనమంతా ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల గ్రంథాలయ సుంకం కడుతున్నాం. చదవనివాళ్ళూ కడుతున్నారు. లైబ్రరీలో కూర్చుని పేపరు చదివేవారిని ఎవరూ టిక్కెట్టు అడగరు. అంత మాత్రాన చదువు విలువ తగ్గిందా? 2025 ఆగస్టు 15న రాష్ట్రంలో ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం మొదలైంది. పనికి వెళ్ళే స్త్రీకి టిక్కెట్టు వద్దన్న ప్రభుత్వమే, ఆడుకోవడానికి వెళ్ళే స్త్రీని డబ్బు అడగడం ఏం న్యాయం?

ఇది దయాదాక్షిణ్యాల విషయం కాదు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పార్కులనూ ఆటస్థలాలనూ పట్టణ సంస్థల బాధ్యతల్లో చేర్చింది. స్త్రీల పట్ల అన్ని రకాల వివక్షను నిర్మూలించే ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని మన దేశం 1993లో ఆమోదించింది. ఆటల్లో, వినోదంలో పాల్గొనే సమాన హక్కు దాని 13వ అధికరణంలో ఉంది.

డబ్బు లేదని మాత్రం చెప్పవద్దు. 2023 డిసెంబరు 26న మొదలుపెట్టిన ‘ఆడుదాం ఆంధ్ర’ పోటీలను ప్రభుత్వమే ఖర్చు భరించి నడిపింది. అందులో కబడ్డీ, ఖోఖో కూడా ఉన్నాయి. 2024 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో ముగింపు సభ జరిగింది. పండుగలా వచ్చి వెళ్ళిపోయింది. మనకు కావలసింది పండుగ కాదు, ప్రతి సాయంత్రం ఆడుకునే వీలు. ఆడపిల్లల కబడ్డీ కోర్టుకు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు చాలు. ఆ మాత్రం నేల చదును చేయించి, ఒక దీపం, ఒక మరుగుదొడ్డి ఏర్పాటు చేయడానికి పిల్లల దగ్గర వసూళ్ళు చేయాలా?

అందుకే ఉయ్యూరులోనూ, మచిలీపట్నం, గుడివాడల్లోనూ మనం మూడు విషయాలు అడగాలి. మునిసిపల్ మైదానాల్లో, పోటీల్లో స్త్రీలకు ఏ రుసుమూ ఉండకూడదు. రోజూ సాయంత్రం కొంత వేళ వారికే కేటాయించాలి. ఆటలకు ఏటా బడ్జెట్టులో డబ్బు చూపించి, ఎంతమంది స్త్రీలు ఆడారో కౌన్సిల్లో లెక్క చెప్పాలి. పన్ను కడుతున్నది మనం కూడా. ఆ నేల మీద మన కాలు పడని రోజులు ఇప్పటికే చాలా గడిచాయి.